నల్లా ఊరికే ఊడదు

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. మా సారు సింగరేణిలో చేసి రిటైర్ అయ్యారు. 1994లో కట్టుకున్న ఇల్లు. కింద పెద్ద బెడ్‌రూమ్‌కు అటాచ్డ్ బాత్రూమ్ ఉంది. లోపల ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. దర్వాజా రెండుంబావు అడుగులు, లోపలికి తెరుచుకుంటుంది. మూడంగుళాల కడప. దాటగానే స్నానం చేసే చోటు, మూలకు సిమెంటు తొట్టి. ఆ చివర కిటికీ కింద ఒక మెట్టు ఎక్కితే ఇండియన్ సీటు. ఆ గోడ అవతల గల్లీలో డ్రైనేజీ చాంబర్. అన్నీ నున్నటి టైల్స్. బెడ్‌రూమ్ వైపు గోడకు చెమ్మ ఎక్కి పెచ్చులు ఊడుతున్నాయి. పటం గీసి జత చేశాను.

మా అత్తమ్మకు 79 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి చేయించాలి. చేతికర్రతో నడుస్తుంది. పోయిన నెల బాత్రూమ్‌లో జారింది. దేవుడి దయ, ఏమీ విరగలేదు. నాకూ 58, నా మోకాళ్లూ మొదలుపెట్టాయి. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. నల్ల టైల్స్, గ్లాస్ క్యూబికల్, వానలా పడే షవర్, గోడకు వేలాడే కమోడ్, ఇలా ఫోటోలు పంపి "హోటల్‌లా చేయిద్దాం" అంటున్నాడు. అత్తమ్మ కమోడ్ వద్దంటే వద్దంటుంది. పీట మీద కూర్చుని చెంబుతో పోసుకుంటేనే ఆమెకు స్నానం. మా సారేమో "స్నానం దగ్గరి నల్లా ఒకటి మార్పిస్తే చాలు" అంటారు. ఆ నల్లా రెండు నెలలకోసారి గోడలోంచి కదిలిపోతోంది, ప్లంబర్‌ను పిలిచి పిలిచి విసుగొచ్చింది. మా దగ్గర మూడు లక్షలున్నాయి. దసరాకు అబ్బాయి వస్తాడు, ఆలోపు పూర్తి చేయాలని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం:

అమ్మా,

ఉత్తరం చివర్లో మామూలు విషయంలా రాసిన నల్లా సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. నల్లా ఊరికే ఊడదు. రోజూ ఎవరో దాన్ని పట్టుకుని లేస్తుంటేనే ఊడుతుంది. పీట ఎత్తు ఆరంగుళాలు కూడా ఉండదు. అంత కిందినుంచి 79 ఏళ్ల మనిషి, నొప్పి మోకాళ్లతో, తడి నేల మీద లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాల్సిందే. ఆ గోడ మీద చేతికి అందే ఎత్తులో ఉన్నది ఆ నల్లా ఒక్కటే. పాపం ప్లంబర్ తప్పేం లేదు. మీ సారు ఎంత ఖరీదైన నల్లా తెచ్చినా రెండు నెలలకు అదీ కదులుతుంది. ఏదో ఒక రోజు అత్తమ్మ చేతిలోకే ఊడి వస్తుంది.

కాబట్టి టైల్స్ షాపుకు వెళ్లే ముందు ఒక పని చేయండి. రేపు అత్తమ్మ స్నానం అయ్యాక సుద్దముక్క, టేపు పట్టుకుని లోపలికి వెళ్లండి. లైటు వేసి గోడలు, చౌకట్టు, తొట్టి గట్టు దగ్గరగా చూడండి. చౌకట్టు మీద ఒక చోట రంగు పోయి, చేతి జిడ్డు అంటి నల్లబడి ఉంటుంది. తొట్టి గట్టు ఒక జానెడు మేర మిగతా గట్టు కంటే నున్నగా అరిగి ఉంటుంది. సీటు పక్కన గోడ మీద అరచేయి ఆనిన మరక కనిపిస్తుంది. అవన్నీ ఆమె చేతులు పడే చోట్లు. అక్కడల్లా గీత పెట్టి, నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి రాసుకోండి. ఆమెను అడిగి లాభం లేదు. "నేనేం పట్టుకోను, మంచిగనే లేస్త" అంటుంది. మా అమ్మా అచ్చం అదే అనేది, అంటూనే టవల్ రాడ్డు పట్టుకుని లేచేది.

మీ కొత్త బాత్రూమ్‌కు మొదటి డ్రాయింగ్ ఆ గీతలే. అబ్బాయి పంపిన ఫోటోలు ఆ తర్వాత. ఫోటోలో కనిపించేవన్నీ చివరి వారం రోజుల్లో బిగించేవి. మనిషిని పడకుండా కాపాడేవి మాత్రం టైల్ అతికించే ముందే తేలిపోతాయి. నేల ఎంత ఎత్తున ఉంది, నీళ్లు ఎటు పోతాయి, దర్వాజా ఎటు తెరుచుకుంటుంది, గోడలో ఎక్కడ బలం ఉంది అన్నవి. కాస్త కష్టమైన మాట చెప్తున్నాను, కానీ మూడు లక్షలూ ఫిట్టింగుల మీద పెట్టి పాత నేల మీదే కొత్త టైల్స్ అతికించిన బాత్రూమ్‌లు నేను ఊళ్లో చాలా చూశాను. మెరుస్తుంటాయి. ఆ మెరుపు మీదే జారతారు.

మీ పటం చూస్తే అసలు లోపం ఒకటి తెలుస్తుంది. రాత్రి మూడు గంటలకు అత్తమ్మ మంచం దిగితే ఏం జరుగుతుందో చూడండి. ముందు కడప దాటాలి. తర్వాత స్నానం చేసే చోటు, అంటే ఇంట్లో అందరికంటే చివర స్నానం చేసినవాళ్ల నీళ్లు ఇంకా ఆరని చోటు, దాటాలి. తర్వాత మెట్టెక్కాలి. తర్వాత గొంతుకూర్చోవాలి. ఒక్కోసారి రాత్రికి మూడుసార్లు ఇదంతా. స్నానం రోజుకు ఒక్కసారే, అదీ పగలు, పక్కన మీరుండగా. అలాంటప్పుడు తడి భాగం దర్వాజా పక్కన, పొడి భాగం ఆ చివర ఎందుకుండాలి? రెండూ అటూ ఇటూ మార్చేయండి. కమోడ్ దర్వాజా దగ్గరికి రావాలి, స్నానం కిటికీ కిందికి పోవాలి. స్నానం చేసే చోట ఎండ, గాలి తగిలితే తొందరగా ఆరుతుంది కూడా.

కమోడ్‌ను ఇలా ముందుకు తేవడం మేడ మీద అయితే పెద్ద రభస. మీది కింద ఇల్లు, చాంబర్ గల్లీలోనే ఉంది కాబట్టి కుదురుతుంది. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు, అంటే పదడుగులకు మూడంగుళాల వాలు కావాలి. కమోడ్ ఇప్పుడున్న చోటు నుంచి ఐదారడుగులు ముందుకు వస్తుంది కనుక ఇంకో రెండంగుళాల లోతు దొరికితే చాలు. ప్లంబర్‌తో చాంబర్ మూత తీయించి, లోపల పైపు ఎంత లోతున కలుస్తుందో కొలిపించండి. పని మొత్తానికి ఇదే మొదటి కొలత. లోతు చాలకపోతే బలవంతంగా ముందుకు తేవద్దు, వాలు లేని లైను నెలకోసారి జామ్ అవుతుంది. అప్పుడు కమోడ్ ఉన్న చోటే ఉంచి, మెట్టు తీసేసి, స్నానం నీళ్లు నడిచే దారిలోకి రాకుండా ఒక పక్క గోడకు వాలు పెట్టించాలి. ఐదడుగుల వెడల్పులో అది అంత బాగా కుదరదు, రెండో దారి అది.

వాస్తు చూసే ఆయన ఉంటే ఈ దశలోనే పిలవండి. సీటు ఎటు తిరగాలో టైల్స్ అంతా అయ్యాక వచ్చి చెప్పే పెద్దమనుషుల వల్ల రెండుసార్లు పగలగొట్టిన ఇళ్లు నాకు తెలుసు.

దర్వాజా. లోపలికి తెరుచుకునే దర్వాజా వెనక మనిషి పడిపోతే బయటినుంచి తోయడానికి వీలుండదు, మనం తోస్తే తగిలేది ఆమెకే. అందుకని బెడ్‌రూమ్ వైపుకు తెరుచుకోవాలి, గడియ బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టాలి. వెడల్పు విషయం: మామూలు చక్రాల కుర్చీ పాతిక, ఇరవై ఏడంగుళాలు ఉంటుంది. మీ చౌకట్టే ఇరవై ఏడు. ఇప్పుడు కర్రతోనే నడుస్తోంది, నిజమే. కానీ ఏ కాలో విరిగి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున, ఆరు వారాలు వాకర్ మీద తిరగాల్సి వచ్చిన రోజున గోడ పగలగొట్టలేరు. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021లో తెచ్చిన మార్గదర్శకాల్లో ప్రజలు వాడే భవనాలకు దర్వాజా 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఖాళీగా ఉండాలని ఉంది. ఇంట్లో మనకు రెండడుగుల తొమ్మిది, పదంగుళాలు ఖాళీ దొరికినా పనవుతుంది. చౌకట్టు మూడుంబావు అడుగులది పెట్టించండి, కమోడ్ లేని వైపుకు పెంచండి. మీ ఇల్లు పిల్లర్ల మీద ఉందా, గోడల మీదే ఉందా అన్నది ఇక్కడ ముఖ్యం. 1994 నాటి ఇళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. గోడల మీద ఉంటే లింటెల్, అంటే దర్వాజా పైన గోడ బరువు మోసే దూలం, కింద ఇటుకలు తీసే ముందు ఒక ఇంజనీర్‌ను ఒక్కసారి తెచ్చి చూపించండి. సుతారి మేస్త్రి "ఏం కాదమ్మా" అంటాడు, చాలాసార్లు ఏం కాదు కూడా. ఆ ఒక్కసారి కోసమే ఇంజనీర్. చౌకట్టు చెక్కది వద్దు, గ్రానైట్‌ది పెట్టండి. కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయి ఉండగా దూరం పోనక్కర్లేదు.

కడప పూర్తిగా తీసేయాలి. ఇక్కడే అందరూ భయపడతారు, కడప లేకపోతే నీళ్లు బెడ్‌రూమ్‌లోకి వస్తాయి కదా అని. నీళ్లను ఆపాల్సింది వాలు. కడప ఆపుతోందంటే వాలు తప్పని అర్థం. పాత నేలంతా ఇటుక దాకా తీయించి, బెడ్‌రూమ్ నేలతో సమానంగా దర్వాజా దగ్గర మొదలుపెట్టి, కమోడ్ భాగంలో అడుగుకు అర పావు అంగుళం, స్నానం చేసే నాలుగడుగుల్లో అడుగుకు పావు అంగుళం చొప్పున కిటికీ గోడ వైపుకు దించుకుంటూ పోవాలి. మొత్తం మీద ఆ చివరకు అంగుళంన్నర దిగుతుంది, కాలికి తెలియదు. ఆ గోడ పొడవునా సన్నటి జాలీతో లాంగ్ డ్రెయిన్ పెడితే నీళ్లు ఒక్క వైపుకే పోతాయి. మధ్యలో గుండ్రటి జాలీ పెడితే నాలుగు వైపుల నుంచి వాలు ఇవ్వాలి, పెద్ద టైల్ అక్కడ కూర్చోదు, నీళ్లు నిలుస్తాయి. ఇంకా భయమైతే దర్వాజా గీత దగ్గర కూడా ఒక సన్న డ్రెయిన్ పెట్టుకోండి. వాలు సరిగా వచ్చిందో లేదో చూడ్డానికి లెవెల్ పైపు ఏమీ అక్కర్లేదు. టైల్స్ కింది మాలు ఆరాక చెంబెడు నీళ్లు దర్వాజా దగ్గర వదలండి. ఒక్క చుక్క వెనక్కి రాకూడదు, ఎక్కడా ఆగకూడదు. మీరే వదలండి, మేస్త్రికి ఇవ్వకండి.

బెడ్‌రూమ్ గోడకు ఎక్కిన చెమ్మ ఈ నేల నుంచే వస్తుండవచ్చు, లేదా గోడలో కారుతున్న పాత జీఐ (ఇనుప) పైపు నుంచి. రంగు వేస్తే పోదు. పైపులు ఎలాగూ సీపీవీసీకి, అంటే తుప్పు పట్టని ప్లాస్టిక్‌కు మార్పిస్తారు, నేలకు వాటర్ ప్రూఫింగ్ రెండు కోట్లు వేయించండి. నేల, గోడ కలిసే మూలలు గుండ్రంగా తిప్పి, గోడలకు అంతటా ఒక అడుగు ఎత్తు, స్నానం దగ్గర ఏడడుగులు. ఆరాక డ్రెయిన్లు మూసి, దర్వాజా గీత దగ్గర తాత్కాలికంగా చిన్న గట్టు కట్టి, రెండంగుళాల నీళ్లు నింపి, రెండు రోజులు అలాగే వదిలేయాలి. నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టుకుని చూసుకోవాలి.

ఈ రెండు రోజుల సంగతి నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. మా ఇంటి గృహప్రవేశానికి ఐదు రోజులుంది. టైల్స్ మేస్త్రి, చదువు పెద్దగా లేని మనిషి, "సార్, రెండొద్దులు నీళ్లు నిలబెట్టి చూద్దాం" అన్నాడు. సైట్ ఇంజనీర్‌గా ఇరవై ఏళ్లు చేసిన నేను "టైమ్ లేదు, కానియ్" అన్నాను. ముహూర్తానికి అంతా తళతళలాడింది. ఎనిమిది నెలలకు దేవుడి గది గోడ ఉబ్బింది. కొత్త టైల్స్ మొత్తం తీయించి మళ్లీ వేయించాల్సి వచ్చింది. వచ్చింది ఆ మేస్త్రే, ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా గుర్తుంది. దసరా తేదీ గురించి మీరు రాసింది చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే.

ఇక నల్ల టైల్స్. అబ్బాయితో తగవు పెట్టుకోవద్దు, ఒక నల్ల టైల్ ముక్క తెచ్చి మీ బోరు నీళ్లు నాలుగు రోజులు దాని మీద చిలకరించి ఆరనివ్వండి. మన దగ్గర చాలా బోర్లు ఉప్పు నీళ్లే. తెల్లటి మరకలు చూసి అతనే వద్దంటాడు. అంతకంటే పెద్ద కారణం అత్తమ్మ కన్ను. శుక్లం ఉన్న కంటికి రాత్రిపూట నల్ల నేల గుంతలా కనిపిస్తుంది, కాలు వేయడానికి జంకుతుంది. అలాగని అంతా తెల్లగా పెడితే తెల్ల నేల మీద తెల్ల కమోడ్ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నేల బూడిద రంగో, మట్టి రంగో ఉండాలి, గోడలు లేతగా ఉండాలి, కమోడ్ తెల్లగా, పట్టుకునే బార్లు ముదురు రంగులో ఉండాలి. అబ్బాయికి కావాల్సిన నలుపు ఆ బార్లకు, నల్లాలకు, అద్దం చుట్టూ పెట్టించండి. చూడ్డానికి కొత్తగానూ ఉంటుంది, ఆమెకు కనిపిస్తుంది కూడా.

నేలకు మ్యాట్ టైలే, పెట్టె మీద ఆర్‌10 లేదా ఆర్‌11 అని జారకుండా పట్టు ఎంతో చెప్పే గుర్తు ఉన్నది, అడుగు బై అడుగు సైజు. చిన్న టైల్ వాలుకు చక్కగా కూర్చుంటుంది, మధ్య గీతలు కాలికి పట్టునిస్తాయి. షాపులో పొడి టైల్ మీద చెయ్యి రాసి కొనకండి. నీళ్లు పోయించి, దాని మీద కాస్త సబ్బు రుద్ది, చెప్పు విప్పి నిలబడండి. షాపువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మా చిన్నప్పుడు స్నానం దగ్గర గరుకు షాబాదు బండలుండేవి, తలకు నూనె అంటుకుని కుంకుడు రసంతో పోసుకున్నా జారినట్టు గుర్తు లేదు. పాలిష్ గ్రానైట్ మాత్రం నేలకు వద్దే వద్దు. వేయిస్తంభాల గుడి స్తంభాల మెరుపు చూసి మురిసిపోతాం సరే, అంత మెరుపు కాలికింద ఎందుకు?

గోడకు వేలాడే కమోడ్ విషయంలో మీ అబ్బాయి మాట నిజంగా మంచిది. కింద నేల ఖాళీగా ఉంటుంది, తుడవడం తేలిక, అన్నిటికంటే ముఖ్యం ఎత్తు మన చేతిలో ఉంటుంది. నేలకు బిగించే మామూలు కమోడ్లు పదిహేను, పదహారంగుళాలుంటాయి. మోకాళ్ల నొప్పులవాళ్లకు పద్దెనిమిది అంగుళాలు సుఖం. మార్గదర్శకాల్లోనూ 450 నుంచి 480 మిల్లీమీటర్లని ఉంది. అత్తమ్మ చేతులు ఆనించకుండా లేవగలిగే కుర్చీ ఇంట్లో ఏదో ఉంటుంది, దాని ఎత్తు కొలవండి. సీటు మూతతో సహా ఆ ఎత్తు రావాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు నేరుగా వేలాడదీయవద్దు. స్టీలు ఫ్రేమ్ కాళ్లు నేలలోకి బిగించి, దాని చుట్టూ నాలుగడుగుల ఎత్తు గట్టు కట్టాలి. ఆ గట్టు మీద కళ్లజోడు, మందుల డబ్బా పెట్టుకోవచ్చు. ఫ్లష్ ట్యాంకు గట్టు లోపల ఉంటుంది కనుక ఉప్పు నీళ్లకు దాని వాల్వ్ మొరాయిస్తుంది. స్పేర్ పార్టులు, బాగుచేసే మనిషి మన ఊళ్లోనే దొరికే కంపెనీది కొనండి, ఫోటోలో ఉన్న కంపెనీది అని కాకుండా.

అత్తమ్మ ఒప్పుకోవడం ఎలా? వాదించకండి. ఆమె చెప్పే కారణం ఉత్త మొండితనం కాదు. డెబ్బై ఏళ్లు గొంతుకూర్చున్న ఒంటికి కుర్చీలా కూర్చుంటే పని కాదు, అది నిజమే. సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, మడత పెట్టేది. అది ఇప్పుడే తెచ్చి రాత్రిపూట మాత్రం మంచం పక్కన వేయండి. "పగలు నీ ఇష్టం అత్తమ్మా, రాత్రి ఒక్కటీ దీని మీద" అనండి. కాళ్ల కింద ఆరంగుళాల పీట వేస్తే మోకాళ్లు పైకి లేచి, గొంతుకూర్చున్నట్టే ఉంటుంది. చాలామందికి పీట వేశాక ఇబ్బంది తీరుతుంది. లేచే ముందు పీట పక్కకు జరపాలి, లేకపోతే దానికే తట్టుకుంటారు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఇలా మోకాళ్లు ఎత్తకూడదు, మీ అత్తమ్మకు ఆ సంగతి లేదు. ఎలాగూ పని జరిగే మూడు, నాలుగు వారాలు ఆమెను మేడమెట్లు ఎక్కించలేరు, ఆ కుర్చీయే దిక్కు. అప్పటికి అలవాటై ఉంటే మంచిది.

సుద్ద గీతల దగ్గరికి మళ్లీ వద్దాం. పట్టుకునే బార్లు తుప్పు పట్టని 304 గ్రేడ్ స్టీలువి, ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల లావు, గోడకు బారుకు మధ్య ఒకటిన్నర అంగుళాల సందు. సందు మరీ ఎక్కువైతే చెయ్యి జారి మోచెయ్యి దాకా ఇరుక్కుంటుంది. కమోడ్ మధ్య గీత పక్క గోడకు పద్దెనిమిది అంగుళాల దూరంలో ఉంటే బారు చేతికి సరిగ్గా అందుతుంది. మీ పటం ప్రకారం కమోడ్‌కు దర్వాజా వైపు కొంత గోడ మిగులుతుంది. దానికి నిలువు బారు ఒకటి. లోపలికి అడుగుపెట్టేటప్పుడూ, కమోడ్ మీద నుంచి లేచేటప్పుడూ అదే పనికొస్తుంది. రెండో వైపు గోడ లేదు కనుక పైకి మడిచే బారు, సీటు కంటే ఎనిమిది, తొమ్మిది అంగుళాలు ఎత్తున. స్నానం దగ్గర ఒక అడ్డ బారు, ఒక నిలువు బారు, ఇప్పుడున్న నల్లా చోటు దగ్గర. ఈ బార్లు ప్లాస్టరులో కొట్టిన ప్లాస్టిక్ గట్టీలతో నిలబడవు. మనిషి మొత్తం బరువు ఒక్కసారిగా పడితే గట్టీతో సహా వస్తాయి. ఇటుక నడిమధ్య రంధ్రం చేసి కెమికల్ యాంకర్, అంటే గట్టిపడే జిగురుతో పట్టే బోల్టు, వేయాలి, లేదా గోడ ఇటునుంచి అటు బోల్టు వేసి వెనక ప్లేటు పెట్టాలి. మడిచే బారుకు ఫ్లష్ గట్టు సరిపోదు, దాని వెనక అసలు గోడ దాకా పోయే పొడవు బోల్టులు కావాలి. టైల్స్‌కు ముందే గుర్తు పెట్టించండి. గాలితో అతుక్కునే రబ్బరు హ్యాండిళ్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, వాటిని కొనకండి. బిగించాక మీ సారును ఒక్కో బారు పట్టుకుని వేలాడమనండి. ఆయనకు నల్లా మార్చాలన్న కోరిక కూడా తీరుతుంది.

స్నానానికి చెంబు, బకెట్ ఉండనివ్వండి, ఏం పోయింది? మార్చాల్సింది ఎత్తు. పీట బదులు పద్దెనిమిది అంగుళాల ఎత్తు స్నానపు కుర్చీ, కాళ్లకు రబ్బరు బుడిపెలు ఉన్నది. బకెట్ ఆమె మోకాళ్ల ఎత్తులో ఉండేలా, తొట్టి తీసేసిన మూలలో అడుగు ఎత్తు గట్టు కట్టించండి. నల్లా నేరుగా ఆ గట్టు మీది బకెట్‌లోకి పడాలి. వంగే పని ఉండదు, చెంబు ఉంటుంది. హ్యాండ్ షవర్ ఒకటి కూర్చున్న ఎత్తులో తగిలించండి, నెల తిరిగేసరికి ఆమే వాడుతుంది. వాన షవర్ అబ్బాయి ముచ్చట, పైన పెట్టుకోండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. గ్లాస్ క్యూబికల్ మాత్రం వద్దు. ఐదడుగుల గదిలో అద్దం అడ్డం పెడితే పక్కన నిలబడి సాయం చేయడానికి మీకు చోటుండదు. అడ్డమేదీ లేకపోతే స్నానం చేసే చోటు, దాని ఇవతలి ఖాళీ కలిసి రేపు చక్రాల కుర్చీ తిప్పుకోవడానికి కావాల్సిన ఐదడుగుల ఖాళీ అవుతుంది. నీళ్లు చిమ్ముతాయనుకుంటే తెర వేలాడదీయండి. షవర్ తిప్పే పిడి నీళ్లు పడే చోట కాకుండా ఇవతల ఉండాలి, మీరు తడవకుండా తిప్పొచ్చు. గీజర్ వేడి యాభై డిగ్రీలు దాటనివ్వొద్దు. అరవై డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాలుస్తాయి, ముసలి చర్మం ఇంకా త్వరగా కాలుతుంది.

లైట్లు, కరెంటు సంగతి త్వరగా చెప్తాను. మంచం నుంచి కమోడ్ దాకా మడమ ఎత్తులో, మనిషి కదిలితే వెలిగే చిన్న సెన్సర్ లైట్లు రెండు మూడు. గీజర్ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ తప్పనిసరి, షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్ అది, పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు. ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి. ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొని, దాని బటన్ నేల నుంచి అడుగున్నర ఎత్తులో అతికించండి. అందరూ భుజం ఎత్తులో పెడతారు, పడిపోయిన మనిషికి అది అందదు.

డబ్బు. నలభై చదరపు అడుగుల గదికి మూడు లక్షలు తక్కువేం కాదు, ఫిట్టింగుల వ్యామోహం తగ్గించుకుంటే. పగలగొట్టడం, లైన్లు, వాటర్ ప్రూఫింగ్, దర్వాజా వీటికి ముందు తీసి పక్కన పెట్టండి. పాత నేల తీశాక కింద ఏముంటుందో ఎవరికీ తెలియదు, నలభై వేలు ముట్టకుండా ఉంచండి. బార్లన్నీ కలిపినా గ్లాస్ క్యూబికల్ ఖర్చు కావు. గోడలు మూసే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు బారు కోసమో అద్దం కోసమో డ్రిల్లు పెట్టినప్పుడు పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

దసరా లోపు అన్నారు. కుదరదు, కుదిరేలా చేస్తానన్న మేస్త్రిని నమ్మకండి. వానలు పడుతుండగా కోటింగ్ సరిగా ఆరదు. చుట్టాలు వచ్చేసరికి ఇల్లంతా సిమెంటు. అన్నిటికంటే నా దేవుడి గది గోడ గుర్తుంది కదా. పండగకు అబ్బాయి వచ్చినప్పుడు ఆ సుద్ద గీతలు అతనికి చూపించండి. చాంబర్ లోతు కొలిపించి ఉంచండి, టైల్స్ అత్తమ్మను కూడా షాపుకు తీసుకెళ్లి ఎంచుకోండి. పగలగొట్టడం సద్దుల బతుకమ్మ, దసరా అయ్యాకే. అప్పటిదాకా ఆగలేనివి రెండు: కమోడ్ కుర్చీ రేపే తెప్పించండి, స్నానం దగ్గర ఒక బారు ఈ వారమే బోల్టు వేయించండి. పాత గోడే అయినా ఫర్వాలేదు. ఆ నల్లా మీద ఆమె బరువు ఇంకొక్క రోజు కూడా పడకూడదు.